మంచు వాలు కింద ఒంటి తుమ్ము

దొంగ ఏడుపులు చాలా ఏడ్చాను గానీ, దొంగ తుమ్ము తుమ్మింది మాత్రం జీవితంలో ఒక్కసారే. అదీ కొలరాడో కొండల్లో, మోకాళ్ల లోతు మంచులో నిలబడి.

వెళ్లింది నలుగురం. నేను, మా ఆయన, ఆయన కాలేజీ సీనియరు, ఆ సీనియరు భార్య. అందరం టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ వాళ్లమే. మా ఆయన ఆయన్ని ‘అన్నా’ అంటాడు కాబట్టి నాకు అన్నయ్యగారు, ఆవిడ వదిన. ఫ్లైట్లు, క్యాబిన్, మంచులో కూరుకుపోకుండా కాళ్లకు కట్టుకునే స్నోషూలు, అన్నీ అన్నయ్యగారే బుక్ చేశారు. వదిన పులిహోర కలిపి తెచ్చింది. ముందురోజు మంచు జారే ప్రమాదం గురించి క్లాసుకు తీసుకెళ్లింది కూడా ఆయనే. అక్కడ ఒక నియమం చెప్పారు: గుంపులో ఒక్కరు వద్దంటే చాలు, కారణం అడక్కుండా అందరూ వెనక్కి తిరగాలి. మనవాళ్లకి ‘వద్దు’ అనే మాట నోట్లోంచి రావడం ఎంత కష్టమో పాపం ఆ టీచరుకేం తెలుసు!

ఆ రాత్రంతా గాలి, కొత్త మంచు. పొద్దున హెచ్చరికల పేజీలో మా కొండ నారింజ రంగులో ఉంది. ఎరుపు రోజున ఎవరూ కదలరు, ఈ నారింజ రోజుల్లోనే జనం చచ్చిపోతారని క్లాసులో చెప్పారు. చెప్పినప్పుడు బుద్ధిగా తలలూపాం. నేను ఫోన్ తీయడం, చూడటం, జేబులో పెట్టడం, మళ్లీ తీయడం.

“ఎన్నిసార్లు చూసినా రంగు మారదే,” అని మా ఆయన వేళాకోళం.

చెట్లు దాటాక దారి ఒక పెద్ద తెల్లటి వాలు కిందుగా పోతుంది. నాలుగడుగులు వేశామో లేదో కాళ్ల కింద ‘ధుమ్’మని మూగ చప్పుడు. మంచంతా ఒక్కసారి కుంగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అడుగునున్న పాత మంచు కూలింది, పైనున్న పలక ఏ క్షణాన్నైనా జారొచ్చు అని దానర్థం. అందరికీ వినబడింది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

“ఏం కాదు, ఒక్కొక్కలం పోదాం. తమ్మీ, నువ్వు ముందు నడువు,” అన్నారు అన్నయ్యగారు.

“సరే అన్నా,” అన్నాడు మా ఆయన.

సరే అన్నా! ఆ మాటకి నా ఒళ్లు మండిపోయింది. ‘వద్దు’ అని గొంతుదాకా వచ్చింది, అక్కడే ఆగింది. పెద్దమనిషి ఇంత శ్రమపడి తీసుకొస్తే ఎలా అంటాం? మా ఆయన కాలు ఎత్తాడు. ఏం చేయాలో తోచక గట్టిగా తుమ్మాను.

“ఆగు, ఆగు!” అన్నయ్యగారు చెయ్యి అడ్డం పెట్టారు. “ఎనక్కి రాండ్రి. కూసొని నీళ్లు తాగి పోదాం.”

కొండ చెబితే ఆగని మనుషులు నా ముక్కు చెబితే ఆగారు. చెట్ల మధ్యకి వచ్చి కూర్చున్నాం. నీళ్లు తాగడం అయింది. మా ఆయన లేచి మంచు దులుపుకున్నాడు.

“ఒంటి తుమ్మేగా. ఇంకోటి తుమ్మవే, బయల్దేరదాం.”

ఇక నావల్ల కాలేదు. “తుమ్మను! అది దొంగ తుమ్ము. నాకు భయమేస్తోంది. నేను రాను, నిన్ను పోనివ్వను. అన్నయ్యగారూ, మీకు కోపమొస్తే రానీండి!” అని అరిచేశాను. అరుస్తూనే ఏడ్చేశాను.

అన్నయ్యగారు నీళ్ల సీసా మూత బిగించారు.

“అమ్మయ్య,” అన్నారు. “నువ్వన్నా అన్నవమ్మా. నాకు అప్పటిసంది ఎనక్కి పోవాలనే ఉన్నది. ఇంత దూరం తీస్కొచ్చి నేనే వద్దంటే ఏం బాగుంటదని…”

“నాకు పొద్దున్నుంచే భయం. ఈయన చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నా,” అంది వదిన.

నేను మా ఆయన వంక చూశాను. “మరి నువ్వు?”

“నాకూ భయంగానే ఉంది. అన్న నడవమన్నాడు కదా అని,” అన్నాడు నేల చూస్తూ.

మొహమాటానికి పోతే కడుపైందని సామెత. ఆ వాలు కిందికి పోవాలని మాలో ఒక్కరికీ లేదు. అయినా అందరం వెళ్లేవాళ్లం, మర్యాదగా, ఒకరి తర్వాత ఒకరం. ముందు మా ఆయన.