కట్టు విప్పేసిన తాత

మిరపకాయలు కల్లంలో ఎండే రోజుల్లో పిల్లల్ని పట్టించుకునే తీరిక పెద్దవాళ్ళకు ఉండేది కాదు, నా చిన్నప్పుడు. మాది దర్శి దగ్గర పల్లె. నాకు ఎనిమిదేళ్ళు. అసలే చెబితే వినే రకం కాదు. కాయలు నింపి కుట్టిన టిక్కీ బస్తాలు గుట్టగా పేర్చి ఉంటే, పైకెక్కి దూకాను. కుడి చెయ్యి నా ఒంటి కింద పడింది. ముంజెయ్యి మధ్యలో వంగిపోయి కనిపించింది.

మా నాన్న నన్ను భుజాన వేసుకుని కట్లు కట్టే తాత ఇంటికి పరుగెత్తాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన చేతికి తిరుగులేదని పేరు. వసారా నిండా జనం. ఆయన కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు దగ్గర పెట్టుకుని, నా ముంజేతికి గుడ్డ చుట్టడం మొదలుపెట్టాడు. ఎడమ చేతిలో బెల్లం ముక్క పెట్టి తినమన్నాడు. నేను ఆ యావలో ఉండగా రెండు మోచేతులూ మెల్లగా తడిమి చూశాడు. కుడి మోచేతి పక్కన వేలు తగలగానే ప్రాణం పోయినట్టు కేక పెట్టాను. ఆయన చుట్టిన గుడ్డంతా విప్పేసి, మా నాన్న వైపు తిరిగాడు.

"ఇది నాకు చాతగాదబ్బాయ్. ఎముక విరగటమే కాదు, మోచేతి కాడ కీలు కూడా తప్పింది. నేను కడితే చెయ్యి ఇట్టాగే ఉండిపోద్ది. ఇప్పుడే ఒంగోలు తీసకపో. మోచేతిక్కూడా ఫోటో తియ్యమని చెప్పు, మర్చిపోబాక."

"ఎంతమందికి కట్టలేదు! నా బిడ్డకే చాతగాలేదా?" అని మా నాన్న అరిచాడు. తాత నా చెయ్యి కదలకుండా తువ్వాలుతో గుండెకు ఆనించి కట్టాడు. వసారాలో ఇద్దరు ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. పెద్దాయన పని మర్చిపోయాడని ఒకడు నవ్వాడు. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బస్సు కుదిపినప్పుడల్లా ఏడ్చాను. ఆడపిల్ల చెయ్యి అవిటిదైపోతుందన్న భయం మా నాన్న ముఖంలో కనిపించి, నాకూ భయం పట్టుకుంది. ఆస్పత్రిలో ముంజేతికి మాత్రమే ఎక్స్‌రే తీసి లెమ్మన్నారు. మా నాన్న తడబడుతూ తాత మాట చెప్పాడు. మోచేతికి ఇంకొకటి తీశారు. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, కీలు నిజంగానే తప్పిందనీ, చూడకుండా వదిలేసి ఉంటే చెయ్యి సరిగ్గా మడవడానికీ తిప్పడానికీ వచ్చేది కాదనీ చెప్పింది. మత్తిచ్చి ఎముకనూ కీలునూ సరిచేసి, మోచేతి పైదాకా పిండికట్టు వేసింది.

ఆ చేత్తోనే నలభై ఏళ్ళుగా మిషను కుడుతున్నాను. పిల్లలెవరైనా పడితే, దెబ్బ కనిపించే చోటే కాకుండా పైనా కిందా కూడా చూస్తాను. అది సులువే. నలుగురి ముందూ నాకు చాతకాదని చెప్పడమే కష్టం. ఎవరైనా ఖరీదైన గుడ్డ తెచ్చి, నాకు రాని కుట్టేదో కుట్టమన్నప్పుడు ఇప్పటికీ సరే అనబోతాను. అయినా నాకు చాతకాదని చెప్పేసి, గుడ్డ మడిచి తిరిగి ఇచ్చేస్తాను.