జాగ్రత్త అనే సున్నా

గోదావరిఖనిలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతాను. అసమానతల పాఠం వచ్చిందంటే వాళ్లకు నా మీద విసుగు. 'తక్కువ లేదా సమానం' గుర్తు కింద ఉండే చిన్న గీతను వదిలేస్తే నేను ఊరుకోను. "సమానం ఎప్పుడయితది? అది చెప్పకుంటే సగం పాఠమే" అని వెంటపడతాను. ఆ గీత మా ఇంటి మీదికే వస్తుందని మాత్రం అనుకోలేదు.

మా అన్నది బాయి పని. భూమి కింద బొగ్గు తీసే చోట పైకప్పు విరిగి ఆయన ఎడమ కాలి మీద పడింది. మోకాలి కింది దాకా తీసేశారు. ఇంకా దవాఖానలో ఉండగానే విచారణ మొదలైంది. "ముందే హెచ్చరించాం, అతనే వినలేదు" అని రాయబోతున్నారని తెలిసి ఒళ్లు మండిపోయింది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. అన్న మాత్రం ఒక్కటే అడిగాడు.

"కాలు పోతే పోయింది చెల్లె. చెప్పినా ఇనలేదని మాత్రం రాయనియ్యకు."

వెనకట షిఫ్టు మారేటప్పుడు, దిగేవాడు వచ్చేదాకా ఎక్కేవాడు అక్కడినుంచి కదిలేవాడు కాదు. ఇద్దరూ కలిసి కర్రతో కప్పును కొట్టి వినేవారు. గట్టి కప్పు ఖంగుమంటుంది, వదులైంది డొల్లగా పలుకుతుంది. ఆ చప్పుడు ఇద్దరి చెవుల్లో పడ్డాకే పాతవాడు పైకి నడిచేవాడు. పెద్ద సార్లకు అది దండగ పనిలా కనిపించింది. ఇప్పుడు పాత షిఫ్టు పైకొచ్చి చెబితే ఆఫీసువాళ్లు గ్రూపులో మెసేజ్ పెడతారు. కిందికి ఫోను తీసుకుపోకూడదు కనుక కొత్త షిఫ్టు దిగేముందే చదువుకోవాలి.

ఆ రోజు పాత షిఫ్టులో కప్పు చూసిన సర్దార్, అంటే ఆ జట్టు పెద్ద, పైకొచ్చి "ఎడమ పక్క డొల్ల గొడుతున్నది" అని తన పైవాడికి చెప్పాడు. ఆయన ఆఫీసుకు "ఎడమ పక్క జర చూసుకోవాలె" అన్నాడు. ఆఫీసు "జాగ్రత్తగా పని చేయండి" అని పంపింది. వీళ్లలో ఎవరూ అబద్ధమాడలేదు, నాకు అదే ఎక్కువ మంట. సమాచార సిద్ధాంతంలో దీని మీద ఒక అసమానతే ఉంది. చేతులు మారేకొద్దీ కబురులోని సమాచారం తగ్గుతుంది, మహా అయితే అంతే ఉంటుంది. పెరగడమన్నది లేదు.

అన్నను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని విచారణకు వెళ్లాను.

"హెచ్చరిక పంపాం కదా మేడం" అన్నాడు అధికారి.

"సార్, ఒక కబురు విన్నంక మన అనుమానం సగటున ఎంత తగ్గితే అందులో అంత సమాచారం ఉన్నట్టు. అది సున్నాకు దిగువకు పోదు. కానీ సున్నాకు సమానం కావచ్చు. ఎప్పుడు? కప్పు ఎట్లున్నా కబురు ఒక్కటే అయినప్పుడు."

"లెక్కలు కాలేజీలో చెప్పుకోండి."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. వినేవాడు పెద్ద కుర్చీలో ఉంటే చెప్పేవాడే లోకువ. అన్న ఫోను తీసి ఆయన ముందు పెట్టాను. ముందు రోజు మెసేజ్ చదవమన్నాను. "జాగ్రత్తగా పని చేయండి." ప్రమాదం రోజుది చదవమన్నాను. "జాగ్రత్తగా పని చేయండి." కప్పు కూలాక తర్వాతి షిఫ్టుకు పంపింది కూడా చదవమన్నాను. ఆయన దాన్ని చూసి ఫోను నా వైపు జరిపాడు. అదీ అంతే.

"అప్పటికి మా అన్న ఇంకా రాళ్ల కిందనే ఉన్నడు సార్, మీరు ఇదే పంపిండ్రు!" అని అరిచాను.

"మెసేజ్ ఎప్పుడూ అట్లానే ఉంటుంది మేడం" అన్నాడు.

నేను నిరూపించాలనుకున్నది ఆయనే ఒప్పుకున్నాడు. అయినా నివేదికలో మాత్రం 'హెచ్చరించినా వినలేదు' అనే రాశారు. అన్న అడిగిన ఆ ఒక్కటీ నేను చేయలేకపోయాను. ఆ కోపం ఇవాళ్టికీ చల్లారలేదు, చల్లారనివ్వను కూడా.

ఆ గ్రూపులోంచి అన్నను ఇంకా తీసేయలేదు. మొన్న మధ్యాహ్నం అన్నం తింటుంటే ఫోను మోగింది. ఎప్పుడూ వచ్చే ఆ షిఫ్టు మెసేజే. ఆ గ్రూపే తీసేయమని నేను కసిరాను. అన్న ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని దాన్ని చదివాడు.

"నా జాగల ఇయ్యాల ఎవడు దిగుతున్నడో చెల్లె. వాడు ఇనలేదని గూడ ఇప్పుడే రాసి పెట్టిండ్రు."