206 గదిలో గోడ విన్న మాట

దయ్యాలున్నాయని చెప్పేవాళ్ళతో నేను వాదన పెట్టుకోను, నవ్వి ఊరుకుంటాను. పదిహేనేళ్ళుగా భద్రాచలంలో ఒక లాడ్జిలో మేనేజరుగా పనిచేస్తున్నాను. మనుషులు చనిపోయిన గదులను కడిగించి, దుప్పట్లు మార్పించి, సాయంత్రానికల్లా వేరేవాళ్ళకు ఇచ్చినవాణ్ణి. బస్సు దొరకని రోజుల్లో ఆ గదుల్లోనే పడుకున్నాను కూడా. ఏ రోజూ నాకు ఏదీ కనపడలేదు, వినపడలేదు. అందుకే ఇది చదివి ఎవరైనా నవ్వితే నాకు కోపం రాదు. వాళ్ళ చోట నేనున్నా నవ్వేవాణ్ణే.

నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంట్లో నాకు పేరు. ఈ ఒక్క సంగతి మాత్రం రెండేళ్ళు దాచాను. సిగ్గుతో దాచాను.

మా ఇల్లు బూర్గంపాడులో. రోజూ వంతెన దాటి డ్యూటీకి వస్తాను. లాడ్జి నుంచి గోదావరి గట్టుకు నడిస్తే పది నిమిషాలు. మా దగ్గర దిగేవాళ్ళలో చాలామంది దర్శనానికి వస్తారు, కొందరు అయినవాళ్ళ అస్థికలు నదిలో కలపడానికి వస్తారు. అస్థికల కుండ గడప లోపలికి రాకూడదు. ఇళ్ళలోనూ లోపల పెట్టరు, బయట చెట్టుకు కడతారు. మా లాడ్జిలో దానికోసం వెనక జనరేటర్ పక్కన, రేకుల కింద, ఒక ఇనుప కడ్డీ, దానికి వరసగా కొక్కేలు ఉన్నాయి. మూటకు గది నంబరు చీటీ కట్టి అక్కడ వేలాడదీస్తాం. కౌంటర్‌లో ఆధార్ కార్డు తీసుకున్నాక "ఇంకేమన్నా ఉన్నదా?" అని అడుగుతాం. దేని గురించి అడుగుతున్నామో వచ్చినవాళ్ళకు తెలుసు.

మేం ముస్లింలం, మాలో పోయినవాళ్ళను వీలైతే ఆ రోజే మట్టిచేస్తాం. ఈ అస్థికల పద్ధతి నేను ఉద్యోగంలో చేరాకే నేర్చుకున్నాను. అయినా దాన్ని నాకంటే గట్టిగా పాటించినవాళ్ళు మా లాడ్జిలో లేరు.

మా ఓనరు ఒకసారి హైదరాబాద్‌లో పెద్ద హోటల్లో దిగి వచ్చి, మన గదుల్లో కూడా మాట వినే మిషన్లు ఉండాలని పట్టుబట్టాడు. గుండ్రంగా, కొబ్బరిచిప్పంత ఉంటాయి. టీవీ పక్కన గోడకు బిగించారు. గదిలో "రెండు చాయ్ పంపండి" అంటే కింద నా ఫోన్‌లో ఆ మాట పడుతుంది. నిజానికి పేరు పెట్టి పిలిస్తేనే అది వినాలి. మా గిరాకీకి ఆ పేరు గుర్తుండడం లేదని, బిగించడానికి వచ్చినతను ఎవరు ఏం మాట్లాడినా విని దాచుకునేలా సెట్టింగ్ మార్చి పోయాడు. అన్ని గదులూ నా నంబరు మీదే పెట్టాడు. గోడలకు చెవులుంటాయంటారు. మా లాడ్జిలో ఆ చెవులు నా చొక్కా జేబులో ఉండేవి.

గదుల్లో ఈ సంగతి చెప్పే కాగితం ఒక్కటీ అంటించలేదు. ఓనరు అడగలేదు, నేను చెప్పలేదు.

మొదట్లో కంప్లయింట్ల కోసమే విన్నాను. ఒక గదిలో పెద్దావిడ నడుము నొప్పి అని మూలిగితే, అడగకుండానే వేడినీళ్ళు పంపాను. ఇంకో గదిలో పిల్లవాడు దిండు చాలలేదని ఏడిస్తే దిండు పంపాను. మనసులో మాట కనిపెడతాడని నన్ను మెచ్చుకున్నారు. నాకూ బాగానే ఉంది. తర్వాత పని లేకపోయినా వినడం అలవాటైంది. అన్నం తిన్నాక మిగతా స్టాఫ్ ఫోన్లో క్రికెట్ పెట్టుకునేవాళ్ళు, నేను గదులు పెట్టుకునేవాణ్ణి. అత్తల మీద కోడళ్ళ మాటలు, అన్నదమ్ముల గొడవలు, ఒక లెక్చరరు బాత్రూంలో పాడే పాటలు. తప్పని తెలుసు. తెలిసే విన్నాను.

రెండేళ్ళ కిందట ఒక పొద్దున బుచ్చిరాములు అనే పెద్దాయన వచ్చాడు. ఏన్కూరు దగ్గర పల్లె, డెబ్బై ఏళ్ళు ఉంటాయి. భుజాన తువ్వాలు, చంకలో ఒక రెక్సిన్ బ్యాగు. ఇంకేమన్నా ఉన్నదా అంటే ఏం లేదన్నాడు. ఒక్కడివే కదా, చిన్న రూం చాలన్నాను. "రెండు మంచాలదే ఇయ్యి సాయిబూ, ఏసీ ఉండాలె" అన్నాడు. 206 ఇచ్చాను. కాసేపటికి రెండు చాయ్ కావాలన్నాడు, పంపాను.

మధ్యాహ్నం మూడింటికి అలవాటు ప్రకారం ఫోన్ చెవికి పెట్టుకున్నాను. 206 లోంచి ఆయన గొంతు. "గీ బటన్ ఒత్తితే సల్లగాలి వస్తది, సూడు." కొంచెం ఖాళీ. "ఎన్నిసార్లొచ్చినా బస్టాండ్లనే పండుకుంటిమి. ఒక్కసారన్నా రూం తీసుకుందామంటివి గద." మళ్ళీ ఖాళీ. "మంచిగున్నదా?" ప్రతి మాట తర్వాతా ఆగుతున్నాడు, అవతలి మనిషి జవాబు చెప్పేదాకా ఆగినట్టు.

రిజిస్టర్‌లో లేని ఆడమనిషి గదిలో ఉందనుకున్నాను. పోలీసులు వస్తే సమాధానం చెప్పాల్సింది నేను. కోపంగా పైకి వెళ్ళి తలుపు కొట్టాను.

ఆడమనిషి లేదు. రెండో మంచం మీద, దిండుకు ఆనించి, తెల్లగుడ్డ కట్టిన చిన్న మట్టికుండ ఉంది. పడిపోకుండా దాని చుట్టూ తువ్వాలు చుట్టాడు. ఎదురుగా స్టూలు మీద చాయ్ గ్లాసు, నిండుగా అలాగే ఉంది.

"ఒక్కరోజు సాయిబూ" అన్నాడు. "రేపు పొద్దుగాల కొడుకులొస్తరు, గోదాట్ల కలుపుతం. ఇయ్యాల ఒక్కరోజు ఆమెతోని ఉంట."

అప్పటికే ఎదురు గదివాళ్ళు బయటికి వచ్చి చూశారు. దైవదర్శనానికి వస్తే ఇదేం అపచారం అని అరిచారు. నేను వాళ్ళకు వినపడేలా, అవసరం కంటే గట్టిగా ఆయన మీద అరిచాను. వెనక కొక్కేనికి కట్టు, లేకపోతే రూం ఖాళీ చెయ్యి అన్నాను. ఆయన కిటికీలోంచి జనరేటర్ వైపు చూశాడు. "గా డీజిలు వాసనల ఆమె ఉండలేదు" అని కుండను మళ్ళీ బ్యాగులో పెట్టుకున్నాడు.

కింద కౌంటర్ దగ్గర తాళంచెవి ఇస్తూ ఒక్కటే అడిగాడు. "తలుపేసే ఉంటిని. బ్యాగు బయట తీయలే. మీకెట్ల తెలిసింది?"

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. గోడకు మిషన్ ఉంది, నేను విన్నాను అని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే లాడ్జి పేరు పోతుంది, నా ఉద్యోగం పోతుంది. తాళంచెవి తీసుకుని బోర్డుకు తగిలించాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. "నేను మా ఇంటామె నర్సమ్మతోనే మాట్లాడిన, ఇంకెవరితోని మాట్లాడలే. అయితే ఆమెనే మిమ్మల్ని పిలిచినట్టున్నది. నాతోని రూంల ఉండుడు ఆమెకు ఇష్టం లేదేమో" అన్నాడు. అలా అనుకుంటూనే వాకిలి మెట్లు దిగిపోయాడు. నేను ఆయన్ని ఆపలేదు.

ఆ సాయంత్రం నేనే 206 కి వెళ్ళి, గోడ మీది మిషన్ వైరు పీకి, చుట్టి, తెచ్చి కౌంటర్ సొరుగులో పడేశాను. గదికి తాళం వేశాను. రాత్రి డ్యూటీ అతను ఆ గది ఎవరికీ ఇవ్వలేదు. రిజిస్టర్‌లో ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

మర్నాడు ఆరింటికి డ్యూటీ ఎక్కాను. ఏడు దాటి అయిదు నిమిషాలకు ఫోన్ మోగింది. రూం నంబర్ 206, కొత్త రికార్డింగ్. సొరుగు తెరిచి చూశాను. మిషన్ అక్కడే ఉంది, వైరు చుట్టినట్టే ఉంది. 206 తాళంచెవి బోర్డుకు వేలాడుతోంది. రికార్డింగ్ నొక్కాను.

ముందు ఒక పొడి దగ్గు. తర్వాత ఆడమనిషి గొంతు, వయసు మళ్ళిన గొంతు, తొందర లేకుండా.

"మంచిగున్నది. ఇంకొంచెంసేపు ఉందాం."

అంతే. ఏడు సెకన్లు. మూడుసార్లు విన్నాను.

గది తెరిచి చూశాను. ఎవరూ లేరు. రెండో మంచం మీద దిండు, ఆయన కుండ ఆనించిన చోట నొక్కుకుపోయి ఉంది. గదులు ఊడ్చే ఆమె ఎనిమిదింటికి గానీ రాదు. ఆ అంతస్తులో దిగిన ఆడవాళ్ళ గొంతులు నాకు ముందురోజు నుంచే తెలుసు, ఎలా తెలుసో మళ్ళీ చెప్పక్కర్లేదు. మిషన్ బిగించినతనికి ఫోన్ చేస్తే, ఒక్కోసారి నిన్నటి మాట ఇవాళ వచ్చి పడుతుందన్నాడు. నిన్న ఆ గదిలో ఆడమనిషి లేదు కదా అంటే టీవీ అయి ఉంటుందన్నాడు. టీవీ రిమోట్ ముందురోజంతా కౌంటర్‌లో నా దగ్గరే ఉంది. ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు.

ఇక్కడిదాకా వింతే. దీని తర్వాత జరిగింది వింత కాదు, నా తప్పు.

ఆ సమయానికి బుచ్చిరాములు ఎక్కడుంటాడో నాకు తెలుసు. కొడుకులొస్తారని, పొద్దున గోదావరిలో కలుపుతామని నాకే చెప్పాడు. పది నిమిషాల నడక. పరుగెత్తితే అయిదు. ఫోన్ తీసుకెళ్ళి ఆయన చెవి దగ్గర పెడితే చాలు. కానీ పెడితే ఆ మిషన్ సంగతి చెప్పాలి. నేను కుర్చీలో కూర్చున్నాను. ఎవరో వేడినీళ్ళు అడిగితే పంపాను. పది దాటాక గట్టు వైపు నుంచి తడిబట్టలతో జనం తిరిగి వస్తుంటే, ఇంక అయిపోయిందిలే అని ఊపిరి పీల్చుకున్నాను. అలా ఊపిరి పీల్చుకోవడం నేను మర్చిపోలేదు.

కొద్ది రోజులకు ఇంకెక్కడో ఇలాంటి మిషన్ల మీద గొడవ అయిందని ఓనరు భయపడి అన్నీ పీకించాడు. ఫోన్‌లో ఉన్నదంతా చెరిపెయ్యమన్నాడు. ఆ ఒక్కటి దాచుకోవచ్చు. దాచలేదు. అన్నిటితో పాటు దాన్నీ చెరిపేశాను.

మొన్న చలికాలంలో మా అమ్మ పోయింది. నెల తర్వాత ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆమె ఖాళీ మంచంతో "తిన్నావా అమ్మా" అని మాట్లాడుతున్నాను. మాట మధ్యలో ఉలిక్కిపడి గోడల వైపు చూశాను. ఎవరైనా విన్నారేమో అని. అప్పుడు తెలిసింది ఆ పెద్దాయనకు నేనేం చేశానో.

పాత రిజిస్టర్‌లోంచి అడ్రసు తీసుకున్నాను, అదీ ఆయన్ని అడగకుండానే. కొత్తగూడెంలో బస్సు మారి ఏన్కూరు వెళ్ళి, అక్కడినుంచి ఆటోలో వాళ్ళ పల్లె చేరాను. బుచ్చిరాములు వాకిట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. కోడలిని పిలిచి చాయ్ పెట్టమన్నాడు.

అంతా చెప్పాను. మిషన్ సంగతి, నేను విన్న సంగతి, నర్సమ్మ నన్ను పిలవలేదన్న సంగతి. తర్వాత ఆ గొంతు సంగతి. రికార్డింగ్ లేదు, చెరిపేశాను, నా మాట నమ్మినా నమ్మకపోయినా మీ ఇష్టం అన్నాను. ఆమె అన్న మాట అన్నట్టే చెప్పాను.

ఆయన చేతులు ఆగిపోయాయి. నా వైపు తిరిగి అడిగాడు. "మాట్లాడేముందు దగ్గిందా?"

దగ్గు గురించి నేను చెప్పలేదు. ఆ రోజుదాకా ఎవరికీ చెప్పలేదు. అవునన్నట్టు తల ఊపాను.

"ఎన్ని గంటలకు?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "ఏడు దాటినంక" అన్నాను.

"మంత్రం జెప్పే అయ్యగారు రాలే" అన్నాడు. "తొమ్మిది దాక గట్టు మీదనే కూసున్నం. ఒళ్ళో పెట్టుకొని కూసున్న. నేనంటే ఇష్టం లేదు గద అని, రెండు గంటల్ల ఒక్క మాట మాట్లాడలే ఆమెతోని."

ఆయన తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. మళ్ళీ మిరపకాయ చేతిలోకి తీసుకుని, "చాయ తాగు సాయిబూ, సల్లారుతది" అన్నాడు.

ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. వైరు లేని మిషన్, తాళం వేసిన గది, ఆ దగ్గు, ఏదీ నా బుర్రకు అందలేదు. 206 గోడకు ఇప్పుడు రెండు స్క్రూ రంధ్రాలే ఉన్నాయి. ఎవరైనా చంకలో బ్యాగు గట్టిగా పట్టుకుని వస్తే, ఇంకేమన్నా ఉన్నదా అని నేను అడగను. రెండు మంచాల గది ఇస్తాను. రెండు చాయ్ అడిగితే నేనే పైకి తీసుకెళ్ళి, తలుపు బయట పెట్టి వస్తాను.