ఎర్ర చుక్కను చెరిపిన యాస్మీన్

కరీంనగర్‌లో వాహెద్ భాయికి చీరల ఫాల్స్, జాకెట్ ముక్కలు అమ్మే మ్యాచింగ్ సెంటర్ ఉంది. ఆయన కూతురు యాస్మీన్ చిన్నప్పుడు ఎన్నో మధ్యాహ్నాలు ఆ బట్టల తానుల మీదే నిద్రపోయేది. ఆమె కలల్లో మనుషులు కనిపించేవారు కాదు, రంగులు కదిలేవి. నెమలికంఠం మెల్లగా చిలకపచ్చలోకి జారేది. మెలకువ వచ్చాక కూడా కాసేపు ఆ పచ్చదనం కళ్లలో నిలిచి ఉండేది. "గీ పిల్ల పగటి కలలల్లనే బతుకుతది" అనేది తల్లి సుల్తాన్ బీ, కోపం లేకుండానే.

డిజైన్ చదువు అయ్యాక యాస్మీన్ ఊళ్లోనే ఒక చిన్న కంపెనీలో ఇంటర్న్‌గా చేరింది. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్నవాళ్ల కోసం వాళ్లు ఫోన్ యాప్ ఒకటి తయారుచేస్తున్నారు. పుట్టుకతో వచ్చే జబ్బు అది, ఏజెన్సీ ఊళ్లలో ఎక్కువ. రోజూ మాత్ర వేసుకోవాలి, నీళ్లు బాగా తాగాలి. అశ్రద్ధ చేస్తే ఒళ్లంతా నొప్పులు తిరగబెడతాయి. వేళకు గుర్తుచేయడమే యాప్ పని. దానికి రంగులు, గుర్తు దిద్దే పని యాస్మీన్‌కు వచ్చింది.

"ఎంత దూరంకెల్లి చూసినా ఇది మనదే అని తెల్వాలె," అన్నాడు కంపెనీ నడిపే భానుప్రసాద్.

యాస్మీన్ గాఢమైన ఎర్ర చుక్క గీసింది. ఫోన్ మోగగానే ఆ చుక్క మందారంలా తెరంతా విచ్చుకునేది, కింద 'సికిల్ సెల్ తోడు' అని అక్షరాలు మెరిసేవి. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. కానీ కొన్నాళ్లకే చాలామంది యాప్ తీసేస్తున్నారని తెలిసింది. సంగతేమిటో కనుక్కోమని, రోగులతో మాట్లాడే పద్మలతను తోడిచ్చి యాస్మీన్‌ను ఉట్నూర్ పంపించాడు భానుప్రసాద్.

లక్సెట్టిపేట దాటి చాలా దూరం పోయాక అడవి దగ్గరికొచ్చింది. వాన అప్పుడే వెలిసింది. టేకాకుల మీద ఎండ తడితడిగా వెలుగుతోంది. బస్సు కిటికీకి తల ఆనించిన యాస్మీన్‌కు ఆ పచ్చదనమంతా తన ఒంట్లోంచే ప్రవహిస్తున్నట్టు అనిపించింది.

యాప్ తీసేసినవాళ్లలో అనసూర్య ఒకరు, ఉట్నూర్‌లో డిగ్రీ చదువుతున్న గోండు అమ్మాయి. హాస్టల్ వరండాలో శాలువా కప్పుకుని కూర్చుంది.

"యాప్ మంచిగ లేదా?" అడిగింది యాస్మీన్.

"మంచిగనే ఉంది అక్కా. క్లాసుల మోగింది, తెరంత ఎర్రగయ్యింది. పక్క పిల్ల ఏందని అడిగింది. పొద్దుగూకేసరికి హాస్టలంత తెలిసింది. అప్పటిసంది నన్ను వాలీబాల్‌కు పిలుస్తలేరు."

"మరి మాత్ర?"

"యాదికుంటే ఏసుకుంట. మొన్న యాదికి రాలే, దవాఖాన్ల వడ్డ."

"గా చుక్క గీసింది నేనే," అంది యాస్మీన్.

అనసూర్య ఆమెను తేరిపార చూసి చిన్నగా నవ్వింది. "గంత బిగ్గర చెప్పకు అక్కా. జర మెల్లగ చెప్పు."

తిరుగు బస్సులో యాస్మీన్ కునికింది. కలలో ఎర్ర చుక్క ఆకు మీద దొర్లుతూ, దొర్లుతూ, రంగంతా విడిచి ఉత్త నీటిబొట్టయింది. కళ్లు తెరిచేసరికి ఏం చేయాలో తెలిసిపోయింది. జబ్బు పేరూ వద్దు, కంపెనీ పేరూ వద్దు. ఎవరికి ఇష్టమైన ఫోటో వాళ్లు పెట్టుకుంటారు. వేళకు అదే వస్తుంది.

"పేరు లేకుంటే మనల్ని ఎవరు గుర్తువడుతరు?" అన్నాడు భానుప్రసాద్.

యాస్మీన్ వాదించలేదు. "సార్, మీకే గా జబ్బున్నట్టు కొన్ని దినాలు మీ ఫోన్ల మోగనియ్యండి," అంది. ఆయన నవ్వి సరేనన్నాడు.

ఆ వారంలోనే ఖానాపూర్‌లో ఆయన చుట్టాల పెళ్లి. బంతిలో భోంచేస్తుంటే విస్తరి పక్కన ఫోన్ మోగి ఎర్రగా విచ్చుకుంది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన చెయ్యి నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. "గింత బీమారి వెట్టుకొని మాకు జెప్పకపోతివి," అన్నాడు. భోజనాలు అయ్యేలోగా ఇంకొందరు వచ్చి భానుప్రసాద్ భుజం తట్టి పోయారు.

ఊరి నుంచి రాగానే భానుప్రసాద్ యాస్మీన్ బల్ల దగ్గర నిలబడ్డాడు. "ఉత్తగనే వెట్టుకున్న అంటే ఒక్కడు నమ్మలే," అన్నాడు. ఫోన్ ఆమె ముందు పెట్టి, "మార్చు," అన్నాడు.

అనసూర్య తన మేకపిల్ల ఫోటో పెట్టుకుంది. తెలిసినవాళ్లు మరిచిపోలేదు గాని, ఆ ఏడు కొత్తగా చేరిన పిల్లలకు ఏమీ తెలియదు. వాళ్లతో మెల్లగా ఆడుతున్నానని పద్మలతకు ఫోన్‌లో చెప్పిందట.

ఇంటర్న్‌షిప్ ముగిసింది, అక్కడ ఉద్యోగం దొరకలేదు. యాస్మీన్ ఇప్పుడు చెవి మిషన్లు చేసేవాళ్ల దగ్గర పనిచేస్తోంది. ఏ పని మొదలుపెట్టినా ముందు ఒకటే అడుగుతుంది: "నలుగుర్ల కూసున్నప్పుడు ఇది వాళ్లను ఏం జేస్తది?"

మొన్న గోదావరి వంతెన మీద బస్సు పోతుండగా, ముందు సీట్లోని ఆవిడ ఫోన్‌లో ఎవరో పసిపాప నవ్వు వెలిగింది. ఆవిడ సంచిలోంచి సీసా తీసి నిదానంగా నీళ్లు తాగింది. అది ఆ యాప్ అయినా కావచ్చు, మనవరాలి ఫోటో మాత్రమే అయినా కావచ్చు. యాస్మీన్ అడగలేదు. కింద నది వెండిరంగులోంచి నీలంలోకి జారుతుంటే చూస్తూ కూర్చుంది.