కశ్మీరుకు మూడు గంటలు

మొన్న పక్కింటామె కశ్మీరు ప్రయాణం పెట్టుకుని, హైదరాబాదు నుంచి శ్రీనగర్‌కు విమానంలో ఎంతసేపని అడిగింది. ఫోన్లో చూసి, పందొమ్మిది వందల కిలోమీటర్లకు అటూ ఇటూ, మూడు గంటలని చెప్పాను. మన గోదావరిఖని నుంచి హైదరాబాదుకే బస్సులో ఐదు గంటలు కదా అని ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ విమానంలో ఒకసారి మా బాపు పక్కన కూర్చుని వెళ్ళాను.

నాన్నను మేం బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. బాపు బొగ్గుబాయిలో సర్దార్. షిఫ్టు మొదలవగానే కర్రతో పైకప్పు తట్టి చూడటం ఆయన పని. ఖంగుమంటే పని మొదలు, డొల్లగా మోగితే మనుషులు వెనక్కి. ఆ అలవాటు ఆయనతో పాటు ఇంటికీ వచ్చేది. నన్ను ఇచ్చే ముందు మా అత్తవారింటి గోడ కూడా తట్టి చూశాడు, నేను సిగ్గుతో చచ్చిపోయాను. రిటైరయ్యే ఏడు, కంపెనీ ప్రయాణ ఖర్చులిచ్చే ఎల్టీసీ మీద అవ్వకు మంచు చూపిస్తానని మాటిచ్చాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

విమానంలో అవ్వ కిటికీ దగ్గర, బాపు నడుమ, నేను ఇవతల. తలుపు మూసిన చప్పుడుకే ఆయన మొహం మారింది. పైకి లేచాక చెయ్యి చాపి నెత్తిమీద సామాన్లు పెట్టే అరను కింది నుంచి తట్టాడు. డొల్లగా మోగింది. మళ్ళీ తట్టాడు. అక్కడ పనిచేసే అమ్మాయి వచ్చి నీళ్ళు కావాలా అంటే, తలుపు ఎప్పుడు తీస్తారని అడిగాడు. ఇంకో మూడు గంటలకు గానీ తీయరని నేను చెప్పేసరికి బెల్టు పీకి లేవబోయాడు. ఒళ్ళంతా చెమట. ఆయన అరిచి గొడవ చేస్తే ఏం చెయ్యాలో తెలియక గట్టిగా చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు నా చెవిలో మెల్లగా అన్నాడు.

"బిడ్డా, నీ చిన్నప్పుడు బాయిల కప్పు కూలి దారి మూసుకపోయింది సూడు. ఒక్క గంటల బయటవడ్డ అని మీ అవ్వకు చెప్పిన. గంట కాదు, మూడు గంటలు. ఆమెకు చెప్పకు."

అవ్వ కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

"నాకెరుకే. ఆ మూడు గంటలు నేను బాయి గేటు కాడనే నిలవడ్డ. నువ్వు బయటికొచ్చింది సూసినంక, నీకంటె ముందే ఇంటికొచ్చి పొయ్యి ముట్టిచ్చిన."

మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని బాపు అడిగాడు.

"చెప్తె తెల్లారి డ్యూటీకి దిగుతుంటివా?"

బాపు వెనక్కి కూర్చుని, బెల్టు తనే పెట్టుకున్నాడు. అవ్వ చెయ్యి పట్టుకుని దిగేదాకా వదల్లేదు. గుల్‌మర్గ్‌లో మంచు చూశాం, ఫోటోలూ ఉన్నాయి. బాయి కూలిన రోజు మాత్రం నేను బడిలో ఉండి ఉంటాను. బాపు లోపల, అవ్వ గేటు దగ్గర గడపలేక గడిపిన ఆ మూడు గంటలు నాకెలా గడిచాయో, ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు.