పక్క సెక్షన్ బోర్డు

మారేడ్‌పల్లిలోని మా బడిలో ఏడో తరగతికి రెండు సెక్షన్లు. ఆ రెండు గదుల మధ్య ఉన్నది గోడ కాదు, చెక్క పలకల అడ్డు. అవతల సుద్దముక్క కింద పడ్డా ఇవతల వినిపిస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఎ సెక్షన్‌కు తెలుగు చెబుతున్నాను. మొన్నటి జూన్‌లో బి సెక్షన్‌కు తిరుమలగిరి నుంచి కొత్త టీచర్ వచ్చింది. నాకన్నా పదిహేనేళ్లు చిన్నది.

మొదటి వారం నుంచే అవతల నవ్వులు, వాదులాటలు. తెలుగు పీరియడ్‌లో పిల్లలు వాదించుకోవడం నేనెప్పుడూ వినలేదు. నా క్లాసులో నేను పాఠం చదువుతాను, సారాంశం బోర్డు మీద రాస్తాను, పిల్లలు నోటుబుక్కుల్లోకి ఎక్కించుకుంటారు. ఒకరోజు ఆగలేక కిటికీలోంచి చూశాను. ఆమె బోర్డు మీద నాలుగు గళ్లున్నాయి. ఎవరు, ఏం కోరుకున్నారు, ఏం అడ్డొచ్చింది, చివరికి ఏమైంది. కథ చదివి పిల్లలు ఒక్కొక్కరే లేచి ఆ గళ్లు నింపుతున్నారు. నిండాక ఆ మాటలనే వాక్యాలుగా పేర్చి సొంతంగా రాసుకుంటున్నారు.

ముగ్గులేస్తోందిలే అనుకున్నాను. ఆమె చేతిరాత వంకరగా ఉంటుందని తెలిసి రెండు రోజులు సంతోషంగా ఉన్నాను కూడా.

మొదటి పరీక్ష పేపర్లు వచ్చాయి. బి సెక్షన్‌లో ఒకరి జవాబులా మరొకరిది లేదు. తప్పులున్నాయి, కానీ అవి ఎవరివి వాళ్లవే. నా ముప్పై ఎనిమిది మందిదీ ఒకే జవాబు. బోర్డు మీద నేను తొందరలో ఒక ఒత్తు తప్పు రాశాను. ఆ తప్పు ముప్పై ఎనిమిది పేపర్లలోనూ ఉంది.

స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ మా హెడ్‌మిస్ట్రెస్ పెద్ద మేడమ్ అన్నది, "మీరు సుత ఒక్కసారి పోయి చూడున్రి మేడమ్, ఆమె ఎట్ల చెప్తదో."

"బొమ్మలు గీస్తే తెలుగొస్తదా మేడమ్? మరి సిలబస్ ఎవరు చేస్తరు?" అన్నాను.

కొత్త టీచర్ తల వంచుకుని టిఫిన్ డబ్బా మూత తీసింది. ఏమైనా అని ఉంటే నా కడుపుమంట కొంత చల్లారేదేమో.

తర్వాత రెండు సెక్షన్లకూ ఒకే వ్యాసం ఇచ్చారు. సిటీ బస్సు, మెట్రో: పోలికలు, తేడాలు. ఆమె బోర్డు మీద ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా రెండు పెద్ద సున్నాలు గీసింది. ఒక దాంట్లో బస్సు సంగతులు, ఇంకో దాంట్లో మెట్రో సంగతులు. రెండూ కలిసిన చోట రెండింటికీ చెందినవి. పిల్లలు రెండు రోజులు కష్టపడి నింపారు. ఇంటర్వెల్‌లో అటుగా వెళ్తూ ఖాళీ గదిలో ఆ బోర్డు చూశాను. లోపలికి వెళ్లి డస్టర్ తీసుకుని, మొత్తం తుడిచేశాను. నా క్లాసు కాదు, నా పీరియడ్ కాదు.

బెల్లు కొట్టాక అడ్డు ఇవతల నుంచి ఆమె గొంతు విన్నాను.

"ఏందిరా, బోర్డు ఎవరు తుడిచిండ్రు?"

ఎవరికీ తెలియదు. మళ్లీ ఆమే అన్నది, "సరె, పోనీయున్రి. ఎవరికెంత యాదుందో కాయితం మీద గీయున్రి."

పది నిమిషాలు పెన్సిళ్ల గీతల చప్పుడే. ఆ తర్వాత మునుపటికంటే పెద్దగా వాదన షురూ అయింది. నేను నా పిల్లల వైపు తిరిగి, బోర్డు మీద సారాంశం రాయడం మొదలుపెట్టాను.

మర్నాడు నా సెక్షన్ నోటుబుక్కులు దిద్దుతున్నాను. మూడో బెంచీలో ఒక అమ్మాయి ఉంది. సొంతంగా రాయమంటే పెన్సిల్ కొరుకుతూ కూర్చునేది. ఆమె పుస్తకంలో ఒక మడత కాగితం దొరికింది. రెండు సున్నాలు. మెట్రో వైపు, చల్లగ ఉంటది. బస్సు వైపు, ఆడోళ్లకు టికెట్ లేదు. మధ్యలో, "రెండిట్ల మా అమ్మకు సీటు దొరకది." కింద అరపేజీ వ్యాసం. వాళ్లమ్మ బేగంపేటలో ఒక ఆఫీసులో ఊడ్చి తుడిచే పని చేస్తుందట. పోయేటప్పుడు మెట్రోలో, వచ్చేటప్పుడు బస్సులో, నిలబడే. ఆరో తరగతి నుంచీ, రెండేళ్లుగా ఆ పిల్లకు తెలుగు చెబుతున్నాను. ఆ సంగతి నాకు తెలియదు.

పిలిచి అడిగాను, "ఇది నీకు ఎవరిచ్చిండ్రు?"

"బి సెక్షన్ టీచర్. లంచ్ల పోతున్న మేడమ్." నా ముఖం చూసి భయపడింది. "ఇగ పోను."

పోవచ్చమ్మా అనాల్సింది. "సరే, కూర్చో" అన్నాను.

ఆ "ఇగ పోను" మూడు రోజులు నన్ను వదల్లేదు. నాలుగో రోజు సాయంత్రం గేటు దగ్గర కొత్త టీచర్‌ను ఆపాను.

"ఆ రోజు నీ బోర్డు నేనే తుడిచిన."

"ఎరుకే మేడమ్. మీ కొంగుకు సుద్ద ఉండె."

"మరి అడగలేదేం?"

"అడిగితే మీరు నాతోని మాట్లాడుడు బంద్ చేస్తరనిపించింది."

"ఆ పిల్ల నీ దగ్గరికి వస్తున్నదని నాకెందుకు చెప్పలేదు?"

ఆమె చెప్పుల వైపు చూసుకుంది. "మీకు తక్లీఫ్ అయితదని."

"అది ఎట్ల గీస్తరో నాకు సుత జెర చూపియ్యి" అన్నాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో అంత కష్టంగా పలికిన మాట ఇంకోటి లేదు. ఆమె అక్కడే స్కూటీ సీటు మీద కాగితం పరిచి గీసింది.

మొదటిరోజు నా క్లాసులో అంతా గందరగోళం. నా సున్నాలు దోసకాయల్లా వచ్చాయి. "మేడమ్, ఇది పరీక్షల వస్తదా?" అని పిల్లలు మళ్లీ మళ్లీ అడిగారు. గళ్లు ఖాళీగా ఉంటే ఆగలేక నేనే నింపేశాను. నెల పట్టింది చేతులు కట్టుకుని నిలబడటం నేర్చుకోవడానికి. అర్ధ సంవత్సర పరీక్షలో నా పిల్లల పేపర్లు దిద్దడానికి మామూలుకంటే రెట్టింపు సమయం పట్టింది. ప్రతి ఒక్కటీ చదవాల్సి వచ్చింది మరి.

అసూయ పోయిందని చెప్పను. మొన్న ఆ మూడో బెంచీ అమ్మాయి రెండు పేజీల వ్యాసం రాసింది, నా క్లాసులోనే, నేను గీసిన గళ్లలోంచే. బెల్లు కొట్టగానే కాగితం పట్టుకుని పరిగెత్తింది. పక్క గదికి. అడ్డు అవతల ఆ పిల్ల గొంతు గలగలా చదువుతుంటే, నేను నా కుర్చీలో కూర్చుని చివరి వాక్యం దాకా విన్నాను.