కట్టేయకూడని స్విచ్చు

టీచరుగారు పోయారన్న కబురు మా ఇంటి ల్యాండ్‌ఫోనుకే వచ్చింది. పొద్దున్న టిఫిన్ల వేళ, తాడేపల్లిగూడెం నుంచి ఆవిడ తమ్ముడుగారు చేశారు. నా చేతులకు పిండి అంటుకుని ఉంటే మా అత్తగారే వెళ్ళి ఎత్తారు. సెల్‌ఫోనులో ఎవరేం చెప్పినా వినపడని మనిషి, ఆ మాట మాత్రం ఒక్కసారికే విన్నారు. "ఎప్పుడండీ?" అని అడిగారు. "నిద్రలోనేనాండీ?" అన్నారు. తర్వాత రిసీవరు పెట్టేయకుండా చేతిలోనే పట్టుకుని నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, మన టీచరుగారు ఇక లేరంట."

ఆ కబురు మా అత్తగారి చెవిన పడిందంటే అది టీచరుగారి చలవే. ఆ సంగతి చెబుదామనే ఇది రాస్తున్నాను.

ఏలూరులో మా పక్కిల్లు ఆవిడది. మునిసిపల్ స్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. గంజి పెట్టిన నేత చీర, నుదుటన పెద్ద మెరూన్ రంగు స్టిక్కరు బొట్టు. ఆ బొట్టు లేకుండా ఆవిడను మేమెవరం చూడలేదు. వీధిలో ఎవరింటికి ఫోను కావాలన్నా, నెట్టు కావాలన్నా ముందు ఆవిడ వరండా మెట్లెక్కాల్సిందే. అలాగని ఆవిడకు ఆ విద్య తెలుసని కాదు. రౌటరును చివరిదాకా "ఆ పెట్టె" అనే అన్నారు. ఆవిడ అడిగేదంతా మనుషుల సంగతే.

"నెట్టు పెట్టించుకుందామనుకుంటున్నామండీ, ఏది మంచిదంటారు?" అని వెళ్తే, "ముందు ఎవరితో మాట్లాడాలో చెప్పండి" అనేవారు.

నాకు కాస్త తొందర ఎక్కువ. ఇలాంటి ప్రశ్నలకు ఒళ్ళు మండేది. మా ఆయన ఆఫీసు పని ఇంట్లోంచి చేయాల్సి వచ్చినప్పుడు వెళ్ళి అడిగితే, ఆయన ఏ గదిలో కూర్చుంటారు, ఆ గదిలో పగలు ఇంకెవరుంటారు, వంటింట్లో మిక్సీ వేస్తే అక్కడికి వినపడుతుందా అని వరసగా అడిగారు. పెళ్ళిసంబంధానికి వెళ్ళినా ఇన్ని ప్రశ్నలు వేయరు కదా అనుకున్నాను. తీరా చూస్తే, ఇంటికి వచ్చేసరికి మాకేం కావాలో మాకే తెలిసిపోయింది.

కనెక్షన్లు అమ్మడానికి కంపెనీల మనుషులు ఎండనపడి వచ్చేవారు. ఆవిడ వాళ్ళను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవారు. వాళ్ళు వేగం గురించి చెప్పిందంతా ఓపికగా వినేవారు. అంతా అయ్యాక ఒక్కటే అడిగేవారు.

"గాలివానొచ్చి లైను పోయిందనుకోండి బాబూ, ఎవరొస్తారు?"

"కస్టమర్ కేర్‌కి చేస్తే సరిపోతుందండీ."

"అది ఫోను కదండీ. నేనడిగేది మనిషిని. నిచ్చెన వేసుకుని ఎవరొస్తారు?"

ఆ మనిషి పేరు చెప్పగలిగినవాడి కాగితం ఆవిడ బల్ల మీద మిగిలేది. చెప్పలేనివాళ్ళకి మాత్రం ఇంకో గ్లాసు మజ్జిగ. ఆ మాట మా వీధిలో ఇప్పటికీ వాడుకలో ఉంది. కొత్తగా ఏది కొనబోయినా, "నిచ్చెన వేసుకుని ఎవరొస్తారంట?" అని ఒకరినొకరం ఆటపట్టించుకుంటాం.

ఈమెయిలు దగ్గర ఇంకో పట్టుదల ఉండేది. కనెక్షనుతోపాటు ఉచితంగా ఇస్తామనే మెయిలు ఎవరినీ తీసుకోనిచ్చేవారు కాదు. "రేపు కనెక్షను మార్చుకుంటే ఆ చిరునామా పోతుందండీ. మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు ఏమైపోవాలి?" అనేవారు. ఇంట్లో అందరికీ కలిపి ఒకటే మెయిలు ఉంటే అసలు ఒప్పుకునేవారు కాదు. మా ఇంట్లో అప్పటికి ఉన్నది ఒక్కటే, మా ఆయన పేరు మీద.

"మీకు వచ్చిన ఉత్తరం మీరే ముందు చదువుకోవాలి కదండీ" అన్నారు నాతో.

"నాకెవరు రాస్తారండీ?"

"ముందు ఇల్లుండనివ్వండి. చుట్టాలు వాళ్ళే వస్తారు."

నా పేరు మీద మెయిలు తెరిపించి వెళ్ళిన పది నిమిషాలకే మొదటి ఉత్తరం వచ్చింది. రాసింది ఆవిడే, గోడకు అవతల నుంచి. "మీరు పెరట్లో ఆరేసిన వడియాల దగ్గర మా పిల్లి కూర్చుని ఉంది. చూసుకోగలరు." నవ్వుకుంటూ పెరట్లోకి పరిగెత్తాను. తర్వాత నాకు చాలా మెయిళ్ళు వచ్చాయి, ఎన్నో చెరిపేశాను. అది మాత్రం చెరపలేదు.

ఇక మా అత్తగారి సంగతి. ఆవిడకు ఒక్కగానొక్క చెల్లెలు, ఆకివీడులో ఉంటారు. చెరువుల పక్క ఇల్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కచెల్లెళ్ళిద్దరూ ఫోనులో మాట్లాడుకోవడం నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ చూస్తున్నాను. ఏం వండారు, ఎవరొచ్చారు, చెరువులో చేప ఎలా ఉంది, అంతే. ఆ కాసేపటి కోసమే మా అత్తగారు తక్కిన రోజంతా గడుపుతున్నట్టు ఉండేది. వయసుతోపాటు వినికిడి తగ్గింది. అయినా పాత ఫోను రిసీవరు కుడిచెవికి అదిమిపెట్టుకుంటే చెల్లెలి గొంతు స్పష్టంగా వినపడేది.

ఒక వర్షాకాలం ఆ పాత తీగ లైను పాడైంది. బాగుచేయడం కుదరదు, ఈ వీధిలో అవన్నీ తీసేస్తున్నాం అన్నారు. మంచి సెల్‌ఫోను కొనిచ్చాం. సౌండు ఎంత పెంచినా అత్తగారికి అందులో గరగర తప్ప మాట అందలేదు. అందలేదని ఒప్పుకోలేదు కూడా. చెల్లెలు ఏం చెప్పినా "ఆఁ, ఆఁ" అనేవారు. అవతల ఆవిడేమో అక్క ముభావంగా ఉంటోందని నొచ్చుకుని ఫోను చేయడం తగ్గించారు. మధ్యాహ్నాలు మా అత్తగారు గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు. వయసు మీద పడిందిలే అనుకున్నాం మేము.

టీచరుగారు అలా అనుకోలేదు. "అక్కగారు మాట్లాడటం మానేశారేంటండీ?" అని మా అత్తగారి గురించి నన్నే అడిగారు. మర్నాటి నుంచి కంపెనీల మనుషులకు ప్రశ్న మారింది. "మీ పెట్టె వెనకాల పాత ఫోను తగిలించుకోవడానికి వీలుందా అండీ?" ఒకరిది చాలా చవక, చాలా వేగం. కానీ మాట్లాడాలంటే మళ్ళీ సెల్‌ఫోనులోనే. ఇంకొకరిది వేగం తక్కువే గాని పాత ఫోను తగిలించుకోవచ్చు, పాత నంబరే ఉంటుంది. మా ఆయన మొదటిదాని వైపు మొగ్గారు. టీచరుగారు వాదించలేదు. వెనక వీధిలో ఆ రెండో కనెక్షను ఉన్నవాళ్ళింటికి మా అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, హాల్లో ఫోను పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. తను వీధిలోకి వెళ్ళి, గేటు అవతల నిలబడి సెల్‌ఫోను నుంచి ఆ ఇంటి నంబరుకు చేశారు.

"అక్కగారూ, ఇవాళ ఏం కూరండీ?"

"గోంగూర రొయ్యలండీ" అన్నారు మా అత్తగారు. అని, రిసీవరు చెవికి ఇంకాస్త అదిమి, "మీ గొంతు ఎంత బాగుందండీ టీచరుగారూ" అన్నారు.

ఆ సాయంత్రమే మా ఆయన రెండోదానికి సంతకం పెట్టారు.

కథ అక్కడితో అయిపోవాలి. కాలేదు. కనెక్షను వచ్చిన వారానికే ఫోను మూగబోయింది. కంపెనీ మనిషి వచ్చి చూస్తే బాగానే మోగింది. ఆయన వెళ్ళాక మళ్ళీ మూగనోము. ఇలా నాలుగైదుసార్లు అయ్యాక ఆకివీడు నుంచి చిన్నత్తగారు, అక్కకు ఏమైందోనని కంగారుపడి బస్సెక్కి వచ్చేశారు. మా ఆయన కంపెనీవాళ్ళను తిట్టిపోశారు. కనెక్షను తీయించేద్దాం అన్నారు. మా అత్తగారి ముఖం చూడలేకపోయాను.

టీచరుగారు ఒక మధ్యాహ్నం మా హాల్లో కూర్చుని పత్రిక చదువుతూ కాపలా కాశారు. వంటిల్లు సర్దుకుని వచ్చిన మా అత్తగారు, తన ఎప్పటి అలవాటు ప్రకారం, నడుం వాల్చే ముందు హాల్లో స్విచ్చులన్నీ ఒక్కొక్కటే కట్టుకుంటూ వచ్చారు. టీవీది కట్టారు. లైటు కట్టారు. ఆ మూలన దీపం ఊరికే మిణుకుమంటోందని పెట్టెది కూడా కట్టేశారు. పాత తీగ లైనులో ఫోనుకు కరెంటుతో పని లేదు. ఈ పెట్టెకు ఉందని మాలో ఎవరమూ ఆవిడకు చెప్పలేదు. సాయంత్రం బడి నుంచి వచ్చాక మా పిల్లలెవరో నెట్టు రావడం లేదని ఆ స్విచ్చు వేసేవాళ్ళు. చెల్లెలు ఫోను చేసే వేళకు మాత్రం అది ఎప్పుడూ కట్టేసే ఉండేది.

ఇంకొకరైతే కేకలేసేవారు. నేనైతే తప్పకుండా వేసేదాన్ని. టీచరుగారు లేచి, తన నుదుటి మీది స్టిక్కరు తీసి ఆ స్విచ్చు మీద అంటించారు.

"బొట్టు పెట్టినదాన్ని కట్టేయకండేం అక్కగారూ. ఇందులో మీ చెల్లెలు ఉంటారు."

దసరాకు కత్తిపీటకూ కుట్టుమిషనుకూ బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకునే మనిషి మా అత్తగారు. "అలాగేనండీ" అన్నారు. ఖాళీ నుదురుతో టీచరుగారిని చూడటం నాకదే మొదటిసారి. అలాగే నవ్వుకుంటూ గోడవతలికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఉరుములొచ్చినా, ఊరెళ్ళినా మా ఇంట్లో ఆ స్విచ్చును ఎవరూ ముట్టుకోలేదు.

పోయినేడు ఒంట్లో బాగోక ఆవిడ తాడేపల్లిగూడెంలో తమ్ముడుగారింటికి వెళ్ళిపోయారు. అక్కడి నుంచి అప్పుడప్పుడు ల్యాండ్‌ఫోనుకే చేసేవారు. గొంతు బాగా సన్నబడింది. కిందటి నెల చివరిసారి చేసినప్పుడు మా అత్తగారితోనే మాట్లాడారు. "ఫోను బాగా పనిచేస్తోందాండీ?" అన్నారట. "చేస్తోందండీ" అన్నారట ఈవిడ. "అయితే మాట్లాడుతూ ఉండండి" అన్నారట.

నేనూ మా అత్తగారూ తాడేపల్లిగూడెం వెళ్ళేసరికి ఆవిడను వరండాలో పడుకోబెట్టి ఉన్నారు. ముఖానికి పసుపు రాసి, నుదుటన కుంకుమ పెద్దగా దిద్దారు. చేయవలసిన పద్ధతే. అయినా ఆవిడను చూసినట్టు లేదు నాకు. ఏడుపు కూడా రాలేదు. తమ్ముడుగారు నా దగ్గరకు వచ్చి, "అక్కకు గుర్తున్న నంబరు మీదొక్కటేనండీ. ఏ సాయం కావాలన్నా ఆ నంబరుకే చేయమనేది" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆకివీడు నుంచి ఫోను మోగింది. మా అత్తగారు రిసీవరు చెవికి అదిమిపెట్టుకుని, టీచరుగారి గురించి చెల్లెలికి చాలాసేపు చెప్పారు. ఇద్దరూ ఏడ్చారు. పెట్టేశాక కొంగుతో కళ్ళు తుడుచుకుని, నడుం వాల్చబోతూ స్విచ్చుల దగ్గరకు వచ్చారు. టీవీది కట్టారు. లైటు కట్టారు. ఆ పక్కదాని దగ్గర చెయ్యి ఆగింది. మెరూన్ స్టిక్కరు వెలిసిపోయి, ఒక పక్క అంచు లేచి ఉంది. పసిపిల్ల నుదుటన బొట్టు అంటించినట్టు, మా అత్తగారు దాన్ని బొటనవేలితో మెల్లగా అదిమారు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.